ఆచార్య సత్యేంద్రనాథ బోసు : అల్పగ్రంథము, అనల్పకీర్తి

పండితుని గొప్పతనమును అతడు వ్రాసిన గ్రంథముల సంఖ్యనుబట్టి కొలుచుట లోకమున పాత అలవాటు. శతగ్రంథకర్త యనిన చాలును, ఆ నూరింటిలో ఒక్కటియైనను చదువనివారు కూడ చేతులు జోడింతురు. ఈ లెక్క విజ్ఞానశాస్త్రజ్ఞుల లోకమునకును ప్రాకినది. ఒకడు ఎన్ని పరిశోధన వ్యాసములు ప్రకటించెను, వానిని ఎందఱు ఇతర శాస్త్రజ్ఞులు తమ వ్యాసములలో పేర్కొనిరి అను రెండంకెలను చూచి ఉద్యోగములను, బిరుదములను పంచుట నేడు పెక్కు దేశములందు జరుగుచున్నది. ఈ కొలబద్దకు లొంగని జీవితమొకటి మన భారతదేశముననే గడచినది. అది సత్యేంద్రనాథ బోసు జీవితము. ఎనుబది యేండ్లు బ్రతికిన ఈ మహాశయుడు ప్రకటించిన పరిశోధన వ్యాసములు పాతిక ప్రాంతము. వానిలో ప్రపంచమును కదలించినది ఒక్కటే. దాని నిడివి నాలుగు పుటలు.

సత్యేంద్రనాథుడు 1894 జనవరి 1వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి సురేంద్రనాథ బోసు ఈస్టిండియన్ రైల్వేలో ఇంజనీరింగు శాఖ ఉద్యోగి. తల్లి ఆమోదినీదేవి. ఏడుగురు సంతానములో ఈయన పెద్దవాడు. తరువాత పుట్టిన ఆరుగురును ఆడపిల్లలే. హిందూ స్కూలులో చదువుచుండగా లెక్కల ఉపాధ్యాయుడు ఒక పరీక్షలో ఈయనకు నూటికి నూటపది మార్కులు వేసెనని చెప్పుదురు. ఒక్కొక్క లెక్కను ఒకటికంటె ఎక్కువ విధముల చేసి చూపుటయే అందులకు కారణమట. 1909లో ప్రవేశ పరీక్షయందు అయిదవవాడుగా నెగ్గి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. అచ్చట జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహనీయులు గురువులు. జగదీశచంద్రుడు, సుభాషచంద్రుడు, సత్యేంద్రనాథుడు అను మువ్వురు బోసులును ఒకే కుటుంబమువారని కొందఱు భ్రమపడుదురు. వంగదేశమున బోసు అను ఇంటిపేరు మన రావు, రెడ్డి యంత విరివి గలది. ఈ మువ్వురును వేర్వేరు కుటుంబములవారు.

1911లో ఢాకా ప్రాంతపు పల్లెటూరినుండి మేఘనాథ సాహా అను బీద విద్యార్థి వచ్చి అదే కళాశాలలో చేరెను. 1913లో బి.యస్‌సి. పరీక్షకును, 1915లో యం.యస్‌సి. పరీక్షకును బోసు మొదటివాడు, సాహా రెండవవాడు. అయినను వారి నడుమ అసూయ పుట్టలేదు. జీవితమున ముఖ్యమైన మలుపులన్నిటను ఒకరు మరియొకరికి తోడుపడిరి.

అప్పుడు కలకత్తా విశ్వవిద్యాలయమునకు ప్రాణము వంటివాడు సర్ అశుతోష్ ముఖర్జీ. ఆయన క్రొత్తగా స్థాపించిన సైన్సు కళాశాలలో ఈ ఇద్దరు యువకులకును 1916లో అధ్యాపక పదవులు లభించెను. పదవి దొరకెను గాని పుస్తకము దొరకలేదు. ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధము సాగుచుండెను. భౌతికశాస్త్రమున నూతనమైనదంతయు జర్మను భాషలో వెలువడుచుండెను. ఆ పత్రికలేవియు కలకత్తాకు రాకుండెను. శిబ్‌పూరు ఇంజనీరింగు కళాశాలకు సంబంధించిన బ్రూల్ అను విదేశీయుని యొద్ద ప్లాంక్, బోల్ట్‌జ్‌మన్ మొదలగువారి గ్రంథములున్నవని తెలిసికొని, ఇద్దరును పోయి వానిని ఎరువు తెచ్చుకొని చదివిరి. ఆ చదువునకై జర్మను నేర్చిరి. ఒక మనిషి ఇంటిలోని కొద్ది పుస్తకములు భారతదేశపు నూతన భౌతికశాస్త్రమునకు నారుమడి యయ్యెను. పుస్తక భాండాగారముల చరిత్ర వ్రాయువారు ఈ బ్రూల్‌గారి అలమారను మరువరాదు.

1918లో సాహా, బోసు కలిసి వ్రాసిన వ్యాసమొకటి లండనులోని ఫిలసాఫికల్ మాగజైనులో అచ్చయ్యెను. వాయువులోని అణువులు స్వయముగా కొంత చోటు నాక్రమించుట వలన దాని ఒత్తిడి లెక్క ఎట్లు మారునో అందు చర్చింపబడినది. 1919లో సూర్యగ్రహణ పరిశీలనచే ఐన్‌స్టీన్ పేరు దేశదేశముల మారుమ్రోగెను. మరుసటి యేడు ఐన్‌స్టీన్, మింకౌస్కీల సాపేక్షతా వ్యాసములను ఈ మిత్రులు ఇంగ్లీషున పెట్టి గ్రంథముగా వెలువరించిరి. ప్రశాంతచంద్ర మహలనోబిస్ దానికి పీఠిక వ్రాసెను. కలకత్తా విశ్వవిద్యాలయమే ప్రచురించెను. ఆ వ్యాసములకు వెలువడిన తొలి ఇంగ్లీషు అనువాదమిది. ఇంగ్లండుకంటె ముందుగా కలకత్తాలో ఇది జరుగుట విశేషమే.

1921లో ఢాకాలో క్రొత్త విశ్వవిద్యాలయము ఏర్పడగా బోసు అచ్చటికి రీడరుగా వెళ్లెను. కర్జన్ హాలు అను భవనమున భౌతికశాస్త్ర శాఖ యుండెను. ఆయన ప్రధానకృత్యము పాఠము చెప్పుట. ఆయన కీర్తి యంతయు ఆ పాఠమునుండియే పుట్టినది గనుక దానిని కొంచెము వివరముగా తెలిసికొనవలెను.

కమ్మరి కొలిమిలో ఇనుపకడ్డీని పెట్టిన అది మొదట ఎఱ్ఱగాను, పిదప పసుపుగాను, ఇంకను కాల్చిన తెల్లగాను వెలుగును. ఏ వేడిమి యందు ఏ రంగు వెలుగు ఎంత వెలువడునో చెప్పు సూత్రమును 1900లో జర్మనీదేశపు మాక్స్ ప్లాంక్ కనుగొనెను. సూత్రము ప్రయోగములతో సరిపోయెను. కాని దానిని రాబట్టిన విధమున ఒక చిక్కు గలదు. లెక్కలో సగము వెలుగును అలగా భావించెడి పాత సిద్ధాంతమునుండి తెచ్చినది. తక్కిన సగము శక్తి ముక్కలు ముక్కలుగా నుండునను క్రొత్త భావముపై ఆధారపడినది. రెండు పరస్పర విరుద్ధములు. 1905లో వెలుగు కణములుగా నుండునని ఐన్‌స్టీన్ చెప్పిన తరువాత కూడ, కేవలము ఆ కణములనుండియే ప్లాంక్ సూత్రమును రాబట్టుట ఎవరికిని సాధ్యము కాలేదు. విద్యార్థులకు ఈ పాఠము చెప్పుటకు బోసునకు మనసొప్పలేదు. తనకు సమ్మతముకాని తర్కమును నల్లబల్లపై వ్రాసి పిల్లలచే వల్లె వేయించు ఉపాధ్యాయుడు కాడాయన. 1924లో సాహా ఢాకా వచ్చి ఇదే విషయమున వెలువడిన కొన్ని క్రొత్త వ్యాసములను మిత్రుని దృష్టికి తెచ్చెను. బోసు కూర్చుండి ఆలోచించి చిక్కు విప్పెను.

ఆయన పట్టిన దారిని మన సహకార సంఘపు ఖాతా పుస్తకముతో పోల్చి చెప్పవచ్చును. రాముడు, సోముడు అను ఇద్దరు పిల్లలు, రెండు గదులు కలవనుకొందము. వారు ఉండగల విధములు నాలుగు: ఇద్దరును మొదటి గదిలో, ఇద్దరును రెండవ గదిలో, రాముడు మొదట, సోముడు రెండవ గదిలో, సోముడు మొదట, రాముడు రెండవ గదిలో. ఇప్పుడు పిల్లలకు బదులు రెండు రూపాయలు, గదులకు బదులు సంఘములో రెండు ఖాతాలు తీసికొందము. మొదటి ఖాతాలో రెండు రూపాయలు, లేక రెండవ దానిలో రెండు రూపాయలు, లేక చెఱియొక రూపాయి. విధములు మూడే. ఏ రూపాయి ఎవరిదను ప్రశ్నకు ఖాతా పుస్తకమున అర్థము లేదు. అందలి రూపాయికి పేరు లేదు. వెలుగు కణములును ఇట్టివే. పిల్లల లెక్కలో ఇద్దరు ఒకేచోట చేరుట నాలుగింట రెండు వంతులు. ఖాతా లెక్కలో మూడింట రెండు వంతులు. అనగా పేరులేని కణములకు గుంపుగూడు స్వభావము హెచ్చు. బోసు కణముల స్థితులను ప్లాంక్ స్థిరాంకమునుబట్టి చిన్న గదులుగా విభజించి, ఏ గదిలో ఏ కణమున్నదని కాక, ఎన్ని గదులలో ఎన్నేసి కణములున్నవని లెక్కించెను. అలల సిద్ధాంతమునుండి ఏమియు ఎరువు తీసికొనకయే ప్లాంక్ సూత్రము సంపూర్ణముగా వెలువడెను. తాను చేసినది అంత క్రొత్తదని అప్పుడు తనకు తోచలేదని వృద్ధాప్యమున ఆయనయే చెప్పియుండెను.

ఈ వ్యాసమునకు ఫిలసాఫికల్ మాగజైనులో చోటు దొరకలేదు. బోసు నిరుత్సాహపడక 1924 జూన్ 4వ తేదీన వ్యాసమును నేరుగా బెర్లినులోని ఐన్‌స్టీనునకు పంపెను. అప్పటికి బోసు వయస్సు ముప్పది. డాక్టరు పట్టము లేదు. ఐరోపాను చూచి యెఱుగడు. తాను అపరిచితుడనైనను ఐన్‌స్టీన్ రచనల ద్వారమున ఆయనకు శిష్యుడనే యనియు, వ్యాసము తగినదని తోచిన జర్మను పత్రికలో అచ్చు వేయింపవలసినదనియు, దానిని అనువదించుటకు తన జర్మను చాలదనియు లేఖలో విన్నవించుకొనెను. ఢాకానుండి వచ్చిన ఆ కాగితములను ఐన్‌స్టీన్ ప్రక్కన పడవేయలేదు. స్వయముగా జర్మనులోనికి అనువదించి, ఇది ముఖ్యమైన ముందడుగని తన అభిప్రాయమును చివర జోడించి, త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ ఫిజీక్ అను పత్రికకు పంపెను. జూలై 2వ తేదీన పత్రికవారికి అందిన వ్యాసము ఆ సంవత్సరమే అచ్చయ్యెను. శీర్షిక క్రింద కర్త పేరు బోసు అని మాత్రమే యున్నది. పొడి అక్షరములైనను లేవు.

ఐన్‌స్టీన్ అంతటితో ఊరకుండలేదు. వెలుగు కణములకు బోసు వాడిన లెక్కను సాధారణ వాయువుల అణువులకును వర్తింపజేసి, మిక్కిలి చల్లబరచిన వాయువులో అణువులలో పెద్ద భాగము ఒకే అత్యల్ప శక్తిస్థితిలోనికి దిగిపోవలెనని 1924, 1925 సంవత్సరములలో ప్రకటించెను. బోసు వెంటనే పంపిన రెండవ వ్యాసమును కూడ ఆయనయే అనువదించెను గాని, దానిలోని వాదమును తాను అంగీకరింపనని క్రింద వ్రాసి మరీ అచ్చు వేయించెను. పెద్దవారి మెప్పు పొందుట యెంత కష్టమో, పొందినదానిని నిలుపుకొనుట అంతకంటె కష్టము.

ఐన్‌స్టీన్ వ్రాసిన ఒక పోస్టుకార్డు ఢాకా విశ్వవిద్యాలయమున అన్ని తలుపులను తెరచెను. రెండేండ్ల సెలవు, ప్రయాణపు ఖర్చు వెంటనే మంజూరయ్యెను. 1924 చివర పారిస్ చేరిన బోసు అచ్చట ఒక సంవత్సరముండెను. మేరీ క్యూరీ ప్రయోగశాలలో పనిచేయ గోరి ఆమెను దర్శింపగా, ముందు కొన్ని నెలలు ఫ్రెంచి నేర్చుకొని రమ్మని ఆమె ఇంగ్లీషున సలహా చెప్పెను. తనకు ఫ్రెంచి వచ్చునని చెప్పుటకు మొగమాటపడి బోసు తలయూపి వచ్చెను. తన సరకును తాను పొగడుకొనలేని ఈ స్వభావము తుదివరకు ఆయనను వదలలేదు. 1925లో బెర్లిను చేరి ఐన్‌స్టీనును కలిసికొనెను. ఆ మహనీయుడు వ్రాసియిచ్చిన లేఖ వలన విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునుండి పుస్తకములు ఇంటికి తెచ్చుకొను హక్కు బోసునకు లభించెను. పుస్తకముల కొఱకు కలకత్తా వీథులలో తిరిగిన మనిషికి ఇంతకంటె విలువగల కానుక ఉండునా!

1926లో ఢాకాకు తిరిగివచ్చి, ఐన్‌స్టీన్ సిఫారసుతో డాక్టరు పట్టము లేకయే ఆచార్య పదవి నందెను. ఇక్కడినుండి ఆయన జీవితమున ఒక మౌనము ప్రారంభమగును. అవి భౌతికశాస్త్రమున పండుగ దినములు. హైజన్‌బర్గ్, ష్రోడింగర్, డిరాక్ మొదలగువారు ఏటేట క్రొత్త సిద్ధాంతములను వెలువరించుచుండిరి. బోసు బెర్లినులో నున్నప్పుడే ఈ వెల్లువ ప్రారంభమయ్యెను. అందు ఆయన దిగలేదు. పదేండ్లపాటు ఇంచుమించు ఏ పరిశోధనమును ప్రకటింపలేదు. దీనిని లోపము కాదని వాదించుట అనవసరము. ఆయన ప్రతిభకు తగిన పంట రాలేదనుట నిజము. ఢాకాలో సమానస్కంధులైన సహచరులు కొఱవడుట ఒక కారణము. తన ఉత్సాహము తీరగానే విషయమును వదలివేయుట మరియొక కారణము. ఒక సమస్యకు సమాధానము దొరకగానే ఆయనకు దానితో పని తీరెడిది. శుభ్రముగా వ్రాసి అచ్చునకు పంపవలెనను ఆరాటము లేకుండెడిది.

అయినను ఆ కాలమున ఆయన ఊరకుండెనని అనుకొనరాదు. ఎక్సురే కిరణములతో స్ఫటికములను పరీక్షించు పరికరములను ఢాకాలోనే నిర్మింపజేసెను. రసాయనశాస్త్రజ్ఞులకు రసాయనమునందు, గణాంక శాస్త్రజ్ఞులకు గణాంకములందు తోడ్పడెను. మహలనోబిస్ చేపట్టిన ఒక గణాంక సమస్యపై 1936 ప్రాంతమున వ్యాసములు వ్రాసెను. ఆయన చూపిన దారిని పట్టి ఇతరులు వ్రాసిన వ్యాసములు ఎన్నో; వానిపై ఆయన పేరు లేదు. విశ్రాంతి దొరకిన ఎస్రాజు వాయించెడివాడు. 1945లో కలకత్తాకు తిరిగివచ్చి 1956 వరకు ఖైరా ఆచార్యుడుగా నుండెను. 1950 దశాబ్దమున ఐన్‌స్టీన్ ఏకీకృత క్షేత్ర సిద్ధాంతముపై కొన్ని గణిత వ్యాసములను ప్రకటించెను. అవి ప్రౌఢములే గాని మొదటి వ్యాసమువలె శాస్త్రపు దారిని మార్చలేదు.

ఇప్పుడు లెక్కల సంగతి. ఏ వ్యాసమును ఎవరెవరు పేర్కొనిరో వరుసగా చూపు సూచికను అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ప్రారంభించెను. అప్పటికి బోసు డెబ్బదియేండ్ల వృద్ధుడు. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మరియొక కొలతను కల్పించెను. ఒకని వ్యాసములలో పదింటిని ఒక్కొక్క దానిని పది మారులకు తగ్గక ఇతరులు పేర్కొనిన అతని సూచిక పది. ఇరువదింటిని ఇరువది మారులు పేర్కొనిన ఇరువది. ఈ లెక్కన పాతిక వ్యాసములు వ్రాసినవాడు, వానిలో ఒక్కదానిని లక్షమంది పేర్కొనినను, పాతికకు మించి ఎదుగలేడు. ఏటేట అరడజను సామాన్య వ్యాసములు వ్రాయువాడు బోసును సునాయాసముగా దాటిపోవును. కొలత తప్పని కాదు. సామాన్యులను సామాన్యులతో పోల్చుటకు అది కొంత పనికివచ్చును. మానికతో ధాన్యమును కొలువవచ్చును గాని విత్తనపు సత్తువను కొలువలేము గదా!

మరియొక విచిత్రము కలదు. శాస్త్రము ఒక భావమును పూర్తిగా జీర్ణించుకొనిన తరువాత దాని కర్తను పేర్కొనుట మానివేయును. ఊరి చెరువు నీరు త్రాగువాడు చెరువు త్రవ్వించిన పుణ్యాత్ముని పేరు ప్రతి కడవకును తలచునా? సృష్టిలోని మూలకణములు రెండు జాతులు. ఎలక్ట్రానువలె ఒక గదిలో ఒక్కటిగానే ఇమిడెడివి ఒక జాతి. వెలుగు కణమువలె గుంపుగూడెడివి మరియొక జాతి. మొదటి జాతికి ఇటలీదేశపు ఫెర్మీ పేర ఫెర్మియానులనియు, రెండవదానికి బోసు పేర బోసానులనియు ఇంగ్లండుదేశపు డిరాక్ 1945లో పేరు పెట్టెను. ఇంగ్లీషున ఆ మాటను చిన్న అక్షరముతోనే వ్రాయుదురు. అది నామవాచకమై పోయినది. నేడు బోసాను అను మాట వాడెడి వేలకొలది వ్యాసములలో 1924 నాటి నాలుగు పుటలను పేర్కొనునవి చాల తక్కువ. సూచికలో అంకె పెరుగదు. నిఘంటువులో మాట నిలిచినది.

బిరుదములు ఆలస్యముగా వచ్చెను. 1952 నుండి రాజ్యసభ సభ్యత్వము, 1954లో పద్మవిభూషణ బిరుదము, తరువాత విశ్వభారతి ఉపాధ్యక్ష పదవి, 1959లో జాతీయ ఆచార్య పదవి లభించెను. లండను రాయల్ సొసైటీ సభ్యత్వము మాత్రము వ్యాసము వెలువడిన ముప్పదినాలుగేండ్లకు, 1958లో లభించెను. 1954లో భారతదేశమునకు వచ్చిన డిరాక్, బోసు ఇంకను సొసైటీ సభ్యుడు కాడని విని ఆశ్చర్యపడెనట. ఆ సందర్భమున జరిగిన ముచ్చట యొకటి ప్రసిద్ధము. కారులో వెనుక డిరాక్ దంపతులను సుఖముగా కూర్చుండబెట్టి, ముందు సీటులో డ్రైవరు ప్రక్కన తాను ఎక్కి, విద్యార్థులను కూడ ఎక్కుడని పిలువగా, ఇరుకు కాదా యని డిరాక్ సందేహించెను. తాము బోసు గణాంకమును నమ్మినవారమని ఆచార్యుడు నవ్వుచు బదులు చెప్పెను. నోబెల్ బహుమానమునకు భారతీయ శాస్త్రజ్ఞులు 1956లోను, 1962లోను ఈయన పేరును ప్రతిపాదించిరి. ఆస్కార్ క్లైన్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు పరిశీలించి, బహుమానమునకు చాలదని అభిప్రాయపడెను. ఆ తీర్పు సరియైనదా యని నేటికిని వాదించువారు కలరు. బోసు మాత్రము దానిని గూర్చి బాధపడినట్లు కానరాదు.

ఆయన బాధపడినది వేరొక విషయమునకు. విజ్ఞానశాస్త్రము ఇంగ్లీషు రాని వాని గుమ్మము దాటి లోనికి పోవుట లేదని ఆయన దుఃఖము. 1948లో కలకత్తాలో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, జ్ఞానము, విజ్ఞానము అను అర్థము వచ్చు పేరుతో వంగభాషలో మాసపత్రికను వెలువరించెను. పల్లెలలోని పాఠకులకు అర్థమగు భాషలో సైన్సును వ్రాయుట చిన్నపని యని ఆయన తలపలేదు. మాతృభాషలో కథలు, పాఠములు వ్రాయవచ్చును గాని పరిశోధనము వ్రాయరాదని ఆక్షేపించినవారికి సమాధానముగా, 1963లో ఆ పత్రిక ఒక సంచికను పూర్తిగా వంగభాషలోని పరిశోధన వ్యాసములతోనే నింపెను. 1937లోనే రవీంద్రనాథ ఠాకూరు తాను సైన్సుపై వ్రాసిన విశ్వపరిచయ అను పుస్తకమును సత్యేంద్రనాథునకు అంకితమిచ్చియుండెను. ఏ సూచికయందును ఈ లెక్కలు చేరవు.

1974 జనవరిలో మిత్రులు, శిష్యులు ఆయన ఎనుబదవ జన్మదినమును, తొలి వ్యాసపు ఏబదవ సంవత్సరమును కలిపి జరిపిరి. ఆ ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కలకత్తాలో పరమపదించెను. అప్పటికి ఐన్‌స్టీన్ చెప్పిన శీతల వాయుస్థితిని ఎవరును ప్రయోగశాలలో చూచియుండలేదు. 1995 జూన్ 5వ తేదీన అమెరికాలోని బౌల్డరు పట్టణమున కార్నెల్, వీమన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సుమారు రెండువేల రుబీడియం పరమాణువులను చల్లబరచిరి. ఒక డిగ్రీని కోటి భాగములు చేసిన, పరమశూన్యమునకు పైన వానిలో రెండు భాగములైనను లేనంత చలి అది. పరమాణువులన్నియు తమ తమ ఉనికిని విడిచి ఒకే స్థితిలోనికి దిగెను. 2001లో కెటర్లీ యను మరియొకనితో కలిపి వారికి నోబెల్ బహుమానమిచ్చిరి. ఆ స్థితికి బోసు–ఐన్‌స్టీన్ సంఘనితము అని పేరు. ఆ పేరులో బోసు ముందు, ఐన్‌స్టీన్ వెనుక.